గొడుగుల స్వామి చెప్పిన బావి కథ

నాకు ఉద్యోగం వచ్చింది. ముందు ఈ మాట చెప్పేస్తాను, లేకపోతే మిగతాది నోట్లోంచి రాదు. డీఎస్సీలో టీచరు పోస్టు. పులివెందుల నుంచి వేంపల్లె పోయే దారిలో, చీనీ తోటల మధ్య ఒక చిన్న బడి. మా ఇంట్లో డిగ్రీ చేసిన మొదటి మనిషిని నేనే, నెల జీతం తీసుకోబోయే మొదటి మనిషినీ నేనే. జమ్మలమడుగు పక్కన మా ఊళ్ళో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. అడగకపోయినా బస్సు కండక్టరుకు చెప్పాను. మా నాయన గొర్రెలు తోలుకుపోతూ ఎదురైన ప్రతి మనిషినీ ఆపి చెప్తూ ఉంటే, మంద పోయి ఎవరిదో శనగచేలో పడింది. ఆ చేను ఆసామి తిట్టడానికి వచ్చి, సంగతి విని, తిట్టకుండా పోయాడంట.

చెప్పాల్సినవాళ్ళలో ఒక్కరు మిగిలారు. ఆర్డరు చేతికి రాగానే పాలకోవా డబ్బా కొనుక్కొని ప్రొద్దుటూరు బస్సెక్కాను. బీఈడీ చదివేటప్పుడు నేనున్న వీధిలోకి తిరిగేసరికి స్వామి ఇంటి తలుపుకు తాళం ఉంది. అరుగు మీద ఎవరో మిరపకాయలు ఎండబెట్టారు. ఆ మిరపకాయలు చూడగానే నాకు అర్థమైపోయింది. ఆయన బతికి ఉండగా ఆ అరుగు మీద ఎవరూ ఏదీ ఎండబెట్టేవాళ్ళు కాదు.

ఎదురింటి అక్క బయటికి వచ్చి, స్వామి ఆషాఢంలోనే పోయినాడని, నిద్దర్లోనే పోయినాడని, మనిషి అప్పటికే శానా అలిసిపోయి ఉన్నాడని చెప్పింది. చేతిలో డబ్బా ఏందని అడిగింది. ఉద్యోగం వచ్చిందని చెప్పాను. ఆమె సంతోషపడి ఒక కోవాబిళ్ళ తీసుకుంది. మిగిలిన డబ్బా పట్టుకొని ఆ మిరపకాయల పక్కన కాసేపు కూర్చున్నాను.

ఆయన పేరు ఆ వీధిలో ఎవరూ పలికేవాళ్ళు కాదు. పొద్దున్నే ఆ పేరు నోట్లోకి రాకూడదని. పెద్దవాళ్ళు స్వామి అనేవాళ్ళు, పిల్లలు గొడుగుల సామి అనేవాళ్ళు. ఆయన పురోహితుడే గానీ పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు చేయించే పురోహితుడు కాదు. పోయినవాళ్ళకు చేసే కర్మలు మాత్రమే చేయించేవాడు. పెన్నేట్లో నీళ్ళు ఉండవు కదా, ఇసకలో చెలిమ తోడించి, ఆ గుంతలో ఊరిన నీళ్ళతో తర్పణాలు విడిపించేవాడు. చావు జరిగిన ఇంటికే ఆయన్ని పిలుస్తారు. ఇంకే ఇంటికీ పిలవరు. ఆయన కూడా పోడు. చావింటి నుంచి బయల్దేరేటప్పుడు 'పోయొస్తా' అనకూడదు గదా, ఆ అలవాటు ఆయనకు ఎంత ముదిరిందంటే పాలంగడి నుంచి కూడా చెప్పకుండా లేచి వచ్చేవాడు.

గొడుగుల సంగతి. పోయినవాళ్ళకు దారిలో ఎండా వానా తగలకూడదని గొడుగు, కాళ్ళు కాలకూడదని చెప్పులు దానం ఇస్తారు. పుచ్చుకునేది ఆయన. వాన కోసం మొగం వాచిన సీమలో ఆయన ఇంటి నిండా గొడుగులే. అటక మీద, మంచం కింద, తలుపు వెనకాల. చెప్పుల జతలు కూడా అన్నే ఉండేవి గానీ ఆయన నడిచేది మాత్రం వట్టి కాళ్ళతోనే. ఎందుకు సామీ అని అడిగితే, “పోయినోల్ల కాళ్ళు తల్చుకొని కొంటారు పాపా. నా కాళ్ళు ఎవురు సూచ్చారు?” అన్నాడు. ఒక ఎండాకాలం నాకు ఒక గొడుగు ఇచ్చాడు. అది తీసుకొని ఇంటికి పోతే, మా నాయన దాన్ని ఊరి బయటే పెట్టించి, నాకు తలస్నానం చేయించి లోపలికి రానిచ్చాడు.

ఆ నాయనే నన్ను ఆయన ఇంట్లో పెట్టింది. బీఈడీ సీటు వచ్చినప్పుడు ప్రొద్దుటూరులో రూము కోసం మేము తిరగని వీధి లేదు. గొర్రెలోళ్ళమని కొందరు, ఒంటరి ఆడపిల్ల అని కొందరు ఇవ్వలేదు. ఆయన ఇంటి పక్క వాటా ఏళ్ళ తరబడి ఖాళీగా ఉండేది, ఎవరు చేరతారు? మా నాయన గడప బయటే నిలబడి, మేము గొర్లోల్లం సామీ అని ముందే చెప్పేసినాడు. ఆయన గోడకు చెయ్యి ఆనించి మెల్లగా లేచి, తాళంచెవి తెచ్చి, “గొర్లుంటే బయట కట్టెయ్యి. పాపను లోపల ఉండనీ” అన్నాడు. మా నాయన దారి పొడుగునా నవ్వుకుంటూ ఊరికి పోయాడు.

గోడకు చెయ్యి ఆనించడం ఆయన గుర్తు. కూర్చోవాలన్నా గోడ, లేవాలన్నా గోడ. వీధిలో నడుస్తూ కూడా మధ్యలో ఆగి ఎవరింటి గోడ మీదో అరచెయ్యి పెడితే, ఆ ఇంటామె లోపల్నుంచి బకెట్టెడు నీళ్ళు తెచ్చి ఆ గోడ మీద పోసేది. ఆయన చూసీ చూడనట్టు పోయేవాడు. కరెంటు పోయినా, పాలు పొంగిపోయినా, చేతిలో గ్లాసు జారినా ఆయన అనేది ఒకటే మాట, “అయిపాయ లే.”

ఇక ఆ పుస్తకం. బీఈడీలో మమ్మల్ని టీచింగ్ ప్రాక్టీసుకు బళ్ళకు పంపిస్తారు. నాకు పడింది ఆ వీధికి దగ్గర్లోనే ఉన్న బడి, మూడో తరగతి. పిల్లలకు ఒక కథ చదివి వినిపించమన్నారు. లైబ్రరీ పెట్టెలో చెయ్యి పెడితే రంగుల బొమ్మల పుస్తకం ఒకటి వచ్చింది. మా ఇంట్లో కథల పుస్తకం అనేది ఎప్పుడూ లేదు. నేను అప్పటిదాకా చదివినవన్నీ పరీక్షకు వచ్చేవే. ఇరవై ఏళ్ళు దాటిన ఆడమనిషిని, మంచం మీద బోర్లా పడుకొని, పరీక్షలో రాని పుస్తకం మొదటిసారి చదివాను.

కథ ఏమిటంటే, ఒక ఊళ్ళో ఒక బావి. ఒకే చోట నిలబడి నిలబడి దానికి విసుగు పుట్టింది. ఒక తెల్లవారుజామున రాళ్ళ ఒరను పంచె ఎగ్గట్టినట్టు పైకి ఎగ్గట్టుకొని సముద్రాన్ని చూడ్డానికి నడిచిపోయింది. లోపల ఉన్న కప్పను వస్తావా అని కూడా అడగలేదు. అది ప్రతి పేజీలోనూ “యాడికి పోతాన్నాం?” అన్నట్టు తల బయటపెట్టి చూస్తుంటుంది. దారిలో ఒక మైలురాయి. దానికి ఏడు అనే అంకె తప్ప ఇంకేమీ రాదు, ఏమడిగినా ఏడు అంటుంది. చివరికి బావి సముద్రాన్ని చేరుతుంది. సముద్రం వంగి బావిలోకి తొంగి చూసి, తన మొహం తాను మొదటిసారి చూసుకుంటుంది. చిట్టచివర బావి ఒక పిల్ల అలను చంకలో పెట్టుకొని ఊరికి తిరిగి వస్తుంది. ఊరంతా కడవలు తీసుకొని ఎదురుపోతుంది.

పిల్లలకు చెప్పాలి గదా అని రెండు మూడు రోజులు గట్టిగా చదివి సాధన చేశాను. గోడ అవతల ఆయన వింటున్నాడని నాకు తెలియదు. ఒక పొద్దున పంపు దగ్గర నన్ను ఆపి, బాయి నడిచిపోయిందంటావు, ఒప్పుకున్నా, అన్నాడు. నడవడం మీద ఆయనకు ఏ అనుమానమూ లేదు. “అది ఉన్న చోట ఏం మిగిలింది?” అని అడిగాడు. గుంత అన్నాను. “గుంతనే గదా పాపా బాయంటే. గుంత గూడా దాంతోపాటే పోయింటే, ఆడ ఏముండాల?” నేల ఉంటుంది సామీ అన్నాను. “నేల ఎట్లుంటాది? దాన్ని ఎప్పుడో తవ్వి బయటేసినారు గదా.”

ఆ సంగతి తేల్చుకుందామని పుస్తకం అడిగి తీసుకున్నాడు. పెన్నేటికి పోతూ సంచిలో దర్భల పక్కన పెట్టుకొని పోయేవాడు. ఒక మధ్యాహ్నం ఆయన వాటాలోంచి ఏదో శబ్దం వినిపిస్తే ఎదురింటి అక్క, నేను ఇద్దరం పరిగెత్తాం. ఆయన గోడకు ఒరిగి నవ్వుతున్నాడు. మైలురాయి దగ్గరికి వచ్చాడన్నమాట. ఆ వీధిలో ఎవరూ అంతకుముందు ఆయన నవ్వు విని ఉండలేదు, అందుకే అదేం చప్పుడో మాకు తెలియలేదు. అప్పట్నుంచి నేను సామీ టైమెంత అంటే ఏడు, అన్నం తిన్నారా అంటే ఏడు. అరవై ఏళ్ళు దాటిన మనిషి. చిన్నప్పుడు వేదం, ఆ తర్వాత చావులు. మధ్యలో ఇలాంటిది ఒకటి ఉంటుందని తనకు ఎవరూ చెప్పలేదని ఒకసారి అన్నాడు. నాకు కూడా ఎవరూ చెప్పలేదు సామీ అన్నాను.

ఈ కథ నేను చెప్పడం కంటే ఆయన చెప్తే బాగుంటుందని నాకు తట్టింది. హెడ్‌మిస్ట్రెస్ మేడంను అడిగాను. ఆమె మంచిది. కానీ పిల్లల తల్లులు ఏమంటారో అని వెనకాడింది. వెంటపడ్డాను. చివరికి, పిల్లలు పుస్తకాల సంచులు లేకుండా వచ్చే శనివారం, ఒక్కసారి చూద్దాం అంది. ఈ మాట చెప్తే ఆయన, ఏ పంచె కట్టుకోవాలని నన్నే అడిగాడు.

శనివారం నేను పోయేసరికి ఆయన అప్పటికే బడి గేటు బయట నిలబడి ఉన్నాడు. ఎవరో వచ్చి రమ్మంటేగానీ గడప తొక్కడం ఆయనకు అలవాటు లేదు. మేడం పోయి పిలుచుకొచ్చింది. మొదట్లో పిల్లలు దూరంగా కూర్చున్నారు. ఆయన కప్ప గొంతు పెట్టి, “యాడికి పోతాండామప్పా?” అన్నాడో లేదో, ముందుకు జరిగి ఆయన మోకాళ్ళ దగ్గరికి వచ్చారు. బావి పంచె ఎగ్గట్టింది. వీధులు దాటింది. కుక్కలు మొరిగాయి. ఊరి పొలిమేర దాటింది.

అక్కడ జరిగింది ఆ పొరపాటు. కర్మ చేసేవాళ్ళకు చూపించడానికి, తన ఎడమ భుజం మీది కండువా కుడి భుజం మీదికి మార్చి, మీరూ ఇట్ల మార్చుకోండి అని చెప్పడం ఆయన జీవితమంతా చేసిన పని. పోయినవాళ్ళ కోసం తప్ప ఆ మార్పు ఎవరూ చేయరు. బావి ఊరు దాటగానే ఆయన చెయ్యి దానంతటదే లేచింది, కండువా మారింది. “మీరూ మార్చుకోండి నాయనా, కుడిపక్కకి” అన్నాడు. పిల్లలు ఆటనుకొని మార్చుకున్నారు. ఆడపిల్లలు జడలు ఆ పక్కనుంచి ఈ పక్కకు వేసుకున్నారు. ముందు వరసలో ఒక పిల్లవాడు, అన్నం పళ్ళెం తుడుచుకోవడానికి తెచ్చుకున్న తువ్వాలును చక్కగా కుడి భుజం మీద సర్దుకున్నాడు.

వంట చేసే ఆయమ్మ గరిటె పట్టుకొని గుమ్మంలో నిలబడి ఉంది. “సామీ, ఆపు. అమ్మానాయనలు బతికుండే పిల్లోల్లు” అంది మెల్లగా. ఆయన తన భుజం వైపు చూసుకున్నాడు. కండువాను మళ్ళీ ఎడమ పక్కకి తెచ్చుకోవడానికి ఆ చేతికి చాలాసేపు పట్టింది. “అయిపాయ లే” అని, ఎవరికీ చెప్పకుండా లేచి పోయాడు.

ఇంక వద్దు మ్మా అంది మేడం. కోపంగా కాదు. పిల్లలు మాత్రం రోజూ నన్ను అడిగేవాళ్ళు, బాయి ఏమయిందని. ఆయన్ని అడిగితే నువ్వే చెప్పెయ్ పాపా అనేవాడు. నేను ఒప్పుకోలేదు, ఆయనే చెప్పాలి, మేడంను ఎట్లయినా ఒప్పిస్తానన్నాను. ఆయన సంచిలో పుస్తకం అలాగే ఉంది. పిలుపు వస్తుందేమోనని శనివారాలు పెన్నేటి పని తొందరగా ముగించుకొని వచ్చి, అరుగు మీద ఉతికిన పంచెతో కూర్చునేవాడు. అందుకే కూర్చున్నానని మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

తర్వాత ఆ తువ్వాలు పిల్లవాడి నాయన పోయాడు. కలమల్ల పక్కన కరెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేసేవాడు. డ్యూటీ దిగి బస్సులో ఇంటికి వస్తూ ఎదలో నొప్పి అన్నాడంట, దిగేలోపలే అయిపోయింది. వీధిలో మాట పుట్టడానికి ఎంతసేపు? ఆ పొద్దు సామి పిల్లోని చేత గుడ్డ మార్పించినాడు గదా అన్నారు. ఆయన్ని పిలవొద్దని కూడా అన్నారు. పిల్లవాడి అబ్బ, అంటే తాత, మాత్రం మా ఇంట్లో అందరికీ ఆయనే చేయించినాడు, ఈనికీ ఆయనే అని తేల్చేశాడు.

పదో దినం మేడం, నేను పెన్నేటికి పోయాం. ఎండ అప్పుడే మండుతోంది. ఆడవాళ్ళు ఒక పక్కన కూర్చొని ఉన్నారు. చెలిమ తోడి ఉంది, నీళ్ళు ఊరుతున్నాయి. గుండు కొట్టించిన ఆ పిల్లవాడు ఇసకలో కూర్చొని, ఎడమ భుజం మీది తువ్వాలును రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. కుడి పక్కకి మార్చుకోమంటే మార్చుకోడు. చిన్నాయన ఒకసారి బతిమాలి, ఒకసారి లాగి చూశాడు. పిల్లవాడు కదల్లేదు.

“మార్చను. మారిస్తే అమ్మ గూడా పోతాది.”

మేడం తల వంచుకుంది. స్వామి చిన్నాయనను పక్కకి పొమ్మని చెప్పి, ఆనుకోవడానికి గోడ లేదు గనక రెండు చేతులూ ఇసకలో ఊని, పిల్లవాడికి ఎదురుగా కూర్చున్నాడు.

“ఆ పొద్దు కథ యాడిదాకా చెప్పినా నాయనా?”

పిల్లవాడు తువ్వాలు వదలకుండానే, “బాయి ఊరు దాటిందాక” అన్నాడు.

“ఊరు దాటినాక గదా మనం గుడ్డలు మార్చింది?”

“ఊ.”

“ముందు అది పోయింది. ఎనక మనం మార్చినాం. నువ్వు మార్చినావని పోలేదు, నేను మార్చినానని పోలేదు. పొమ్మన్నోల్లు ఎవురూ లేరు. పోయేదానికి మర్యాదగా మనం గుడ్డ ఈ పక్కకి ఏసుకొని నిలబడినాం. అంతే.”

పిల్లవాడి చేతులు కొంచెం వదులయ్యాయి. “మళ్ళొచ్చిందా సామీ?” అని అడిగాడు.

ఆ జవాబు నాకు తెలుసు, స్వామికి నాకంటే బాగా తెలుసు. పిల్ల అల, చంక, ఎదురొచ్చే కడవలు. ఆ పేజీ చదివినప్పుడల్లా ఆయన బొమ్మ మీద వేలు పెట్టి అలను తడిమేవాడు. ఇప్పుడు చెలిమలో నీళ్ళ వైపు చూశాడు.

“రాలేదు నాయనా. సముద్రం కాడ్నే ఉండిపోయింది. ఆడ దానికి బాగుండాది.”

“కప్ప?”

“కప్ప వచ్చింది. ఎగురుకుంటా ఎగురుకుంటా, శానా దినాలకి ఊరికి వచ్చింది.”

“నీళ్ళు లేకుండా ఎట్లుంటాది?”

“కష్టమే. వాన పడేదాక కష్టమే. అయినా ఉంటాది.”

పిల్లవాడు ఆలోచించాడు. తర్వాత ఎవరూ చెప్పకుండానే తువ్వాలు తీసి కుడి భుజం మీద వేసుకున్నాడు. స్వామి మంత్రం అందుకున్నాడు. మధ్యలో ఆపి, మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టాడు.

అన్నీ అయినాక గట్టు వైపు నడుస్తుంటే ఇసక కాలుతోంది. ఆయన వట్టి కాళ్ళతో, ఆగి ఆగి నడుస్తున్నాడు. నాకు ఉక్రోషంగా ఉంది. పుస్తకంలో వచ్చింది గదా సామీ, ఎందుకు అట్ల చెప్పినారు, పిల్లోనికి కొంచెం సంతోషం ఉండేది గదా అన్నాను.

“పుస్తకంలో రానీ పాపా. వచ్చిందని చెప్తే ఈ పిల్లోడు రేపట్నుంచి ఎవురు తలుపు తట్టినా ఉరికిపోయి తీస్తాడు.”

వెనకాల నుంచి మేడం వేగంగా నడిచి వచ్చి మమ్మల్ని కలుసుకుంది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. “సామీ, శనివారం బడికి రాండి. మిగిలిన పిల్లోల్లు గూడా అడుగుతాండారు” అంది. చావు లేని చోటికి ఒక మనిషి ఆయన్ని తనంతట తాను రమ్మని పిలవడం నేను విన్నది అదొక్కసారే. ఆయన ఆగాడు. ఆ పిలుపు కోసం ఎన్ని శనివారాలు పంచె ఉతుక్కున్నాడో నాకు తెలుసు. వస్తాడనే అనుకున్నాను.

“ఎట్లొచ్చేది మ్మా?” అన్నాడు. “ఈడు ముందు వరసలో కూర్చోనుంటాడు. ఈనికి రాలేదని చెప్పి, వాల్లకి వచ్చిందని ఎట్ల చెప్పేది?”